హఠాత్తుగా

పోయిన వారం ఇన్సూరెన్సు సర్వేయరుని ఆ ఇంటి గుమ్మంలో బూట్ల లేసులు విప్పుకుంటూ ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, ఆయనింకా అక్కడే ఉన్నాడు. లోపలికి తొంగి చూసి, నేలంతా తడిగా ఉండటం గమనించి, విప్పిన లేసులే మళ్ళీ కట్టుకుంటున్నాడు. ఆయన నడుం పట్టుకుని లేచి నిలబడేలోగా, ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పేస్తాను.

ఆ ఇంటి ఇల్లాలిని వీధి వీధంతా కర్టెన్లమ్మ అంటుంది. కింద ముందుగదిలో మిషన్లు వేసుకుని కర్టెన్లూ సోఫా కవర్లూ కుడుతుంది. పెళ్ళయిన కొత్తలో ఒక కుట్టు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఈల వేస్తే కూర్చుని, ఈల వేస్తే లేచి పనిచేసిన మనిషి. ఆ ఈల నుంచి బయటపడి ఈ గది సంపాదించుకునేసరికి ఆమెకి తల సగం నెరిసింది. ఇంటిల్లిపాదీ బంధువుల పెళ్ళికి వెళ్ళొచ్చేసరికి మేడమీద బాత్రూం గోడలో పైపు పగిలి, నీళ్ళు కప్పులోంచి దిగి, సరిగ్గా ఆ గదినే ముంచేశాయి. కప్పు పెచ్చులూడింది. తలుపు ఉబ్బిపోయి మూతపడటం మానేసింది. వైర్లలోకి నీళ్ళు పోయి కరెంటు లేదు. ఇంటి లోను ఇచ్చినప్పుడు బ్యాంకువాళ్ళు అంటగట్టిన పాలసీ ఒకటుంది. అది ఆదుకుంటే గది నిలబడుతుంది. లేకపోతే మళ్ళీ ఆ ఈలే గతి.

ఇక ఆమె మొగుడు. మందుల గోడౌనులో స్టోరుకీపరు. చెడ్డవాడు కాదు, కానీ బల్బు మార్చమన్నా, బియ్యం తెమ్మన్నా, ఇల్లు కూలుతోంది లేవమన్నా ఒకటే మాట, "చూద్దాంలే". చాటున అందరూ ఆయన్ని చూద్దాంలేగారు అంటారు. పైన జాయింటు చెమరుస్తోందని ప్లంబరు ముందే హెచ్చరించాడనీ, దానికి కూడా చూద్దాంలే అనే జవాబు వచ్చిందనీ పోయిన వారమే బయటపడింది కదా. పెళ్ళాం నిలదీస్తే ఆయన ఎదురు చెప్పకుండా "నాకే చెప్పాడు, నేనే పట్టించుకోలేదు" అని ఒప్పేసుకున్నాడు. అప్పట్నించీ కర్టెన్లమ్మ ఆయనతో మాటలు మానేసింది. తప్పనిసరి సంగతులు గోడకి చెబుతోంది. ఆయన వెళ్ళి ఆ గోడ దగ్గర నిలబడి వింటున్నాడు.

పోనీ చేసిందానికి నోరు మూసుకుని కూర్చున్నాడా అంటే అదీ లేదు. ఇన్సూరెన్సు ఆఫీసుకి ఫోన్ చేశాడు. అక్కడి అమ్మాయి ఓపిగ్గా, "హఠాత్తుగా జరిగిన నష్టమైతే వస్తుందండీ, మెల్లమెల్లగా కారిందైతే రాదు" అని చెప్పింది. మిగతావన్నీ గాలికొదిలేసి ఆ మొదటి మాట ఒక్కటీ పట్టుకున్నాడు మహానుభావుడు. ఇంట్లోవాళ్ళకీ, ప్లంబరుకీ, అడ్డొచ్చినవాళ్ళకీ అందరికీ నూరిపోశాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన ఏ నోటా ఎన్నడూ పలకని మాట అది.

సర్వేయరు గుమ్మం దాటాడు. భుజాలు వాలిపోయిన మనిషి, చేతిలో టార్చిలైటు. పొద్దున్నించీ తడిసిన ఇళ్ళే తిరుగుతున్నట్టున్నాడు, ప్యాంటు అంచులు ఇంకా ఆరలేదు.

"ఎలా జరిగింది?" అన్నాడు.

"హఠాత్తుగా జరిగిందండీ," అన్నాడు చూద్దాంలేగారు, బడిలో పద్యం అప్పజెప్పినట్టు.

"హఠాత్తుగానే పగిలిందండీ," అన్నాడు వెనకనించి ప్లంబరు. పెద్ద వయసువాడు, ఎప్పుడూ చేతిలో పానా ఉంటుంది కాబట్టి అందరికీ పానా బాబాయి.

ఎదురింటావిడ కిటికీలోంచి తల పెట్టి, ఎవరూ అడక్కుండానే, "పాపం, హఠాత్తుగా అయిపోయిందండీ" అని తల తీసేసుకుంది.

సర్వేయరు టార్చి ఆర్పి, మళ్ళీ వెలిగించాడు. "ఈ వీధిలో అందరూ ఈ మాటే వాడతారా?" అన్నాడు. వెటకారం కూడా అలిసిపోయిన గొంతుతోనే చేశాడు. కర్టెన్లమ్మకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తన మొగుడి తెలివితేటలు ఇంత దూరం నుంచి కూడా కనపడతాయని ఆమెకి తెలుసు, కానీ పరాయివాడి ముందు కనపడటం ఇదే మొదలు.

ఒక్క అత్తగారు మాత్రం ఆ మాట అనలేదు. మెట్ల కింద కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో పాత తువ్వాలు చుట్టిన పొడుగాటి వస్తువేదో పెట్టుకుని, పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది. నీళ్ళొచ్చిన రోజు నుంచీ అది ఆవిడ ఒళ్ళోనే ఉంది. ముసలావిడ చేతిలో ఏముందని అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు. అడిగితే నీకెందుకంటుంది, ఆ తర్వాత అన్నం మానేస్తుంది.

సర్వేయరు ముందుగదిలోకి వెళ్ళి ముందు వాసన చూశాడు. తర్వాత గోడ మీద చెయ్యి పెట్టాడు. కప్పు మీదకి టార్చి వేశాడు. మూల కుప్పగా పడున్న తడి బట్టల తానులు చూసి, "పారేయకుండా ఉంచారు, మంచిపని చేశారు" అన్నాడు. ఆ వారమంతా కర్టెన్లమ్మని ఎవరైనా మెచ్చుకున్న మాట అదొక్కటే. దానికే ఆమె కళ్ళు చెమర్చాయి, అంత నీరసంగా ఉంది.

"ఏమొస్తుందండీ మాకు?" అని అడిగేసింది.

ఆయన కూర్చోడానికి చోటు వెతుక్కుని, పొడిగా ఉన్న ఒకే ఒక్క స్టూలు మీద కూలబడ్డాడు.

"చూడండమ్మా, పాలసీకి నీళ్ళన్నీ ఒకటి కావు. గోడలో పైపు ఉన్నట్టుండి పగిలితే ఒక లెక్క. అదే పైపు నెలల తరబడి చెమరుస్తూ గోడని తినేస్తే ఇంకో లెక్క. దానికి ఇవ్వరు, ఇల్లు చూసుకోకపోవడం కిందకొస్తుంది. వీధిలోంచి వరద వస్తే వేరే, మురుగు వెనక్కి తన్నితే వేరే. వాటికి విడిగా కట్టుకోవాలి."

"మాది పగిలిందేగా."

"పగిలినా పైపుకి ఇవ్వరు. పైపు పాడుచేసినవాటికిస్తారు. కప్పు, గోడ, నేల, వైరింగు."

"మరి ఈ బట్ట?"

"ఎవరి బట్ట?"

"కొంత నాది. కొంత కుట్టించుకోడానికి ఇచ్చినవాళ్ళది."

సర్వేయరు కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. చెప్పడం ఇష్టంలేని సంగతి చెప్పేముందు ఆయనకి అదలవాటులా ఉంది. "ఇంట్లో వాడుకునే సామానుకైతే అడగొచ్చు. వ్యాపారం సరుకుకి ఇంటి పాలసీ పనికిరాదమ్మా. మిషన్లూ అంతే. దానికి వేరే పాలసీ ఉంటుంది. మీకెవరూ చెప్పినట్టు లేదు."

చెప్పలేదు. ఎవరు చెబుతారు? బ్యాంకులో సంతకాలు పెట్టమన్నచోటల్లా పెట్టారు, బయటికొచ్చి టీ తాగారు. ఏమేం ఉన్నాయో ఒకసారి చదవమని తను అంటే పక్కనున్న పెద్దమనిషి ఏమన్నాడో మీకు వేరే చెప్పక్కర్లేదు. కర్టెన్లమ్మ తడి తాను మీద చెయ్యి వేసింది. నీలం రంగు దిగి పక్కనున్న తెల్లబట్టకి అంటుకుంది. ఎంత ఉతికినా అది పోదు. ఇంక మిగిలింది గది ఒక్కటే. అది కూడా ఒక మాట మీద ఆధారపడి ఉంది.

"పైన చూస్తాను," అని సర్వేయరు లేచాడు. చూద్దాంలేగారు ముందు నడిచాడు. మెట్ల దగ్గర అత్తగారు కుర్చీ జరపలేదు. ఇద్దరూ ఒదిగి, పక్కనించి ఎక్కి వెళ్ళారు. ఆవిడ తువ్వాలు మూట మాత్రం గుండెలకి దగ్గరగా లాక్కుంది.

గదిలో కర్టెన్లమ్మా పానా బాబాయీ మిగిలారు. ఆయన ఊడిన పెచ్చుల్ని కాలితో ఓ పక్కకి నెడుతున్నాడు. పైనుంచి గోడ మీద తట్టిన చప్పుడు వినిపిస్తోంది. వారంగా కడుపులో దాచుకున్నదంతా ఆమెకి ఒక్కసారిగా గొంతు దాకా వచ్చింది. పైన ఆయన వింటాడేమోనని గొంతు తగ్గించింది, కానీ మాటలు తగ్గించలేదు.

"నువ్వు చెప్పి చూశావు బాబాయ్, ఆయనకి చెవికెక్కితే కదా. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నాను, చూద్దాంలే, చూద్దాంలే. ఏం చూశాడు? నా గది మునగడం చూశాడు. ఆ రోజు ఒక్క పూట తీరిక చేసుకుని ఆ జాయింటు మార్పించి ఉంటే నాకీ ఖర్మ ఉండేదా?"

పానా బాబాయి కాలు ఆపేశాడు.

"ఆయనకి చెప్పడమేమిటమ్మా?" అన్నాడు.

"అదే, జాయింటు సంగతి. ఆయనకి చెప్పావు కదా."

"ఆయన ఆ రోజు ఇంట్లోనే లేరు." ఆయన పానాని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. చెప్పకుండా తప్పించుకునే దారేదైనా ఉందేమోనని గుమ్మం వైపు చూశాడు, లేదు. "వంటింట్లో కుళాయి బాగుచేసి, పైన కూడా ఒకసారి చూసి, వెళ్తూ వెళ్తూ ఇదిగో ఈ గుమ్మంలో నిలబడి నీకే చెప్పాను. నువ్వు మిషన్ మీదున్నావు. హోటలు వాళ్ళ కర్టెన్లేవో హడావుడిగా కుడుతున్నావు. తల కూడా ఎత్తలేదు."

"నేనేమన్నాను?"

ఆయన మళ్ళీ పెచ్చుల్ని పక్కకి నెట్టడం మొదలుపెట్టాడు.

"ఏమన్నాను బాబాయ్?"

"చూద్దాంలే అన్నావమ్మా."

కర్టెన్లమ్మ వెనక్కి తడుముకుని స్టూలు మీద కూర్చుంది. అబద్ధమని అనబోయింది. కానీ అనేలోపే ఆ రోజు గుర్తొచ్చింది. మిషన్ చప్పుడు, సూది కింద జారిపోతున్న మందపాటి బట్ట, గుమ్మంలో ఎవరిదో నీడ, ఆ నీడ తొందరగా పోతే బాగుండునన్న విసుగు. మాట మాత్రం గుర్తులేదు. గుర్తుండదు కూడా. ఆ ఇంట్లో ఆ మాట ఫ్యాను తిరిగినట్టు తిరుగుతూనే ఉంటుంది, ఎవరి నోట్లోంచి వచ్చిందో ఎవరు పట్టించుకుంటారు? ఎవరిని చూసి ఇన్నేళ్ళు పళ్ళు నూరిందో, ఆ మనిషి మాటే తన నోటికి ఎప్పుడంటుకుందో ఆమెకి తెలియలేదు.

"మరి ఆయన తనకే చెప్పావన్నాడే?"

"నీళ్ళొచ్చిన రోజు నా నోరు ఊరుకోక 'ముందే చెప్పాను కదా' అని గొణిగాను. అది నీ చెవిన పడి నువ్వు ఆయన మీదకి వెళ్ళావు. తనకే చెప్పానేమో అనుకుని ఆయన ఒప్పేసుకున్నారు. నీకు కాదు బాబూ, అమ్మాయికి చెప్పానని తర్వాత చెప్పాను. ఈ మాట ఇంకెక్కడా అనకు బాబాయ్ అన్నారు. గది పోయిన బాధలోనే ఉంది, అది తన వల్లేనని కూడా తెలిస్తే తట్టుకోలేదు అన్నారు."

కర్టెన్లమ్మకి ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కాస్త బలం కావాలి. వారం రోజులు గోడ పక్కన నిలబడి తన తిట్లు విన్న మనిషి ఒక్కడు కళ్ళముందు మెదిలాడు, అంతే. తిట్టిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కొన్ని మరీ కటువైనవి, వెనక్కి తీసుకోడానికి వీల్లేనివి.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. సర్వేయరు దిగి వచ్చాడు, మోచేతుల దాకా సున్నం. వెనకాల చూద్దాంలేగారు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. సర్వేయరు తన అట్టముక్క తీసి, దాని మీద కాగితం సర్దుకుని, పెన్ను మూత తీశాడు.

"ఒక్క సంగతి అడగాలమ్మా. ప్రతి ఇంట్లోనూ అడిగేదే. పైన పైపులు బాగాలేవని మీకెవరైనా ముందే చెప్పారా?"

"ఎవరూ చెప్పలేదండీ," అన్నాడు చూద్దాంలేగారు వెనకనించి. "అసలెవరికీ ఏమీ తెలియదండీ. ఇదంతా హఠాత్తుగా..."

"నేనడిగింది ఆవిడని," అన్నాడు సర్వేయరు.

 కప్పులోంచి ఇంకా ఎక్కడో చుక్క పడుతోంది. లేదు అంటే చాలు. రెండక్షరాలు. మొగుడు వంత పాడతాడు, పానా బాబాయి నేల చూస్తాడు, కప్పుకి సున్నం పడుతుంది, మిషన్ మళ్ళీ తిరుగుతుంది. ఆమె నోరు తెరిచింది. ఆయన వైపు చూసింది. వారం తర్వాత మొదటిసారి మొగుడి ముఖంలోకి చూడటం. ఆయన కనపడీ కనపడనట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు, చెప్పకు, చెప్పకు అని. గడ్డం కూడా గీసుకోలేదు మనిషి.

నిజం చెప్పి తీరాలన్న పట్టుదలేమీ కాదది. ఇంకో అబద్ధాన్ని మోసే ఓపిక ఆమెకి లేదు, ఉన్నది ఆయన ఒక్కడే మోస్తుంటే చూసే ఓపిక అంతకన్నా లేదు.

"చెప్పారండీ," అంది. "నాకే చెప్పారు. బాబాయి వచ్చి ఈ గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. నేనే చూద్దాంలే అన్నాను. ఆయనకేం తెలియదు."

చూద్దాంలేగారు మెట్టు మీద కూలబడ్డాడు. "ఎందుకే," అన్నాడు మెల్లిగా. వారం తర్వాత గోడ అడ్డం లేకుండా ఆ ఇద్దరి మధ్యా నడిచిన మొదటి మాట అది.

సర్వేయరు రాయలేదు. పెన్ను కాగితానికి ఆనించి ఉంచి పానా బాబాయి వైపు తిరిగాడు. "మీరు చెప్పింది ఏ పైపు గురించి?"

"గీజరు పక్కన పైకి కనపడే జాయింటు అండీ. చెమరుస్తుంటే చెప్పాను."

"ఆ జాయింటు ఇప్పుడు చూసి వచ్చాను. తుప్పు పట్టి ఉంది, చెమ్మ ఉంది, కానీ దాన్నించి ఇన్ని నీళ్ళు రావు. అది పగల్లేదు. పగిలింది దానికి మూరెడు కింద, గోడ లోపలున్న పైపు. అందులో గుండ్రటి చిల్లుంది. తుప్పుకి పడే చిల్లు అంత నున్నగా ఉండదు. ఎవరో చేసినట్టుంది."

పానా బాబాయి పానా వెనక్కి పెట్టుకున్నాడు. "గోడ పగలగొట్టినప్పుడు చూశానండీ. నా ఉలి దెబ్బేమో అనుకుని భయపడి నోరెత్తలేదు."

"ఉలి దెబ్బ కాదు. మీరు గోడ పగలగొట్టింది నీళ్ళొచ్చాక కదా." సర్వేయరు ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. "ఆ గోడ జోలికి ఈమధ్య ఎవరైనా వెళ్ళారా?"

ఎవరూ వెళ్ళలేదని మొగుడూ పెళ్ళాం ఒకేసారి అన్నారు. ఈసారి ఇద్దరికీ ఎవరూ నూరిపోయలేదు, వాళ్ళకి తెలిసిన నిజం అదే. మేడమీది బాత్రూం అత్తగారిది. ఆవిడ తప్ప ఎవరూ వెళ్ళరు.

మెట్ల కింద కుర్చీ కిర్రుమంది. అత్తగారు లేచింది. కోడలు పట్టుకోబోతే వద్దని చెయ్యి విదిలించి, తడి నేల మీద ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి సర్వేయరు ముందు నిలబడింది. తువ్వాలు విప్పింది. లోపల తళతళా మెరుస్తున్న స్టీలు కడ్డీ, బాత్రూంలో జారకుండా పట్టుకునేందుకు గోడకి బిగించేది. రెండు చివరలా పొడుగాటి మరమేకులు, వాటికింకా గోడ పెచ్చు అంటుకునే ఉంది.

"ఒకసారి కాలు జారింది నాకు," అంది. "పడలేదు గానీ పడబోయాను. పట్టుకోడానికి ఏదైనా వేయించరా అని వీడిని అడిగాను, చూద్దాంలే అన్నాడు. కోడల్ని అడిగాను, అదీ అంతే. పెళ్ళికి బయల్దేరే ముందురోజు వీళ్ళంతా బజారుకి వెళ్ళినప్పుడు వడ్రంగిని పిలిపించి వేయించుకున్నాను. మర బిగిస్తుంటే గోడలో సుయ్యిమని చప్పుడొచ్చింది. గాలి అన్నాడు వాడు. తిరిగొచ్చేసరికి ఇది ఊడి కింద పడుంది."

కర్టెన్లమ్మ అత్తగారి చేతుల వైపే చూస్తోంది.  వారం రోజులుగా ఆ మెట్ల కింద కూర్చుని, తన తిట్లన్నీ విని, ఒక్కతే ఆ బరువుతో ఉండిపోయింది ముసలావిడ.

సర్వేయరు కడ్డీ తీసుకుని మరమేకు కొనని వేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు. ఆయన గొంతులో పొద్దున్నించీ లేని చురుకు ఒకటి వచ్చింది.

"పెద్దమ్మా, బాగా గుర్తు చేసుకుని చెప్పండి. మీ జవాబుని బట్టే నేను రాయాలి. గోడలో పైపుందని మీకు తెలియదు, అనుకోకుండా మేకు తగిలింది, ఇదంతా హఠాత్తుగా జరిగింది. అంతేనా?"

మెట్టు మీదనించి కొడుకు, అవునను, అవునను అని తల పైకీ కిందకీ ఊపుతున్నాడు. ముసలావిడ వాడి వైపు చూసింది, కోడలి వైపు చూసింది, తర్వాత నిటారుగా నిలబడటానికి ప్రయత్నించింది.

"హఠాత్తుగా ఏం కాదు బాబూ," అంది. "బాగా ఆలోచించుకునే చేయించాను."